తగలబెట్టడం ఎప్పుడు నేరం అవుతుంది? (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనుక వరుసల వాళ్లకు వినిపిస్తోందా? సరే, మంచిది.

నాకిచ్చిన అంశం దహన నేరం. ఇంగ్లీషు చట్టాల్లో ఆర్సన్ అంటారు. ఇలాంటి ప్రసంగాలను నిర్వచనంతో మొదలుపెట్టడం ఆనవాయితీ. నేను ఒక ఓడతో మొదలుపెడతాను.

1876 జూన్ నెల. నడిసముద్రంలో ఒక ఓడ వెళుతోంది. దాని పేరు, నవ్వకండి, జమీందార్. నిజంగానే ఆ పేరే. రమ్ము, చక్కెర, పత్తి మోసుకుపోతోంది. సరుకు విలువ 50,000 పౌండ్లు. అందులో పనిచేసే ఒక నావికుడు దొంగచాటుగా సరుకు గదిలో దూరాడు. ఎందుకంటారు? రమ్ము కోసం. పీపాకు చిల్లు పెట్టాడు. తరువాత ఆ చిల్లు మూయబోయాడు. చేతిలో వెలుగుతున్న అగ్గిపుల్ల ఉంది. రమ్ము భగ్గున అంటుకుంది. అతనికీ కాలిన గాయాలయ్యాయి. ఓడ పూర్తిగా నాశనమైంది.

అతని మీద రెండు అభియోగాలు మోపవచ్చు. దొంగతనం సంగతి సరే, అందులో అనుమానం ఎవరికీ లేదు. రెండోది ఓడను దుర్బుద్ధితో తగలబెట్టడం. చెప్పండి, రెండో నేరం అతను చేశాడా? చేశాడనేవాళ్లు చేతులెత్తండి. సగం మందికి పైనే ఉన్నారు. పరవాలేదు, మీకు తోడుగా ఒక జడ్జి కూడా ఉన్నాడు. విచారణలో జడ్జి జ్యూరీకి ఏమని చెప్పాడంటే, ఇతను దొంగతనం చేస్తూ ఉన్నాడు, ఆ దొంగతనంలో భాగంగా నిప్పు పుట్టింది, కాబట్టి ఓడను తగలబెట్టాలన్న ఉద్దేశం లేకపోయినా నేరస్థుడే అన్నాడు. జ్యూరీ దోషి అని తేల్చింది. పై కోర్టు 1877లో ఆ తీర్పును కొట్టివేసింది. ఇది ఐర్లండులో జరిగిన ఫాల్క్‌నర్ కేసు. దొంగతనం చేయాలన్న బుద్ధి ఉన్నంత మాత్రాన తగలబెట్టాలన్న బుద్ధి ఉన్నట్టు కాదని కోర్టు చెప్పింది. ఒక నేరానికి సంబంధించిన మనసును తీసుకువచ్చి ఇంకో నేరానికి అంటగట్టకూడదు.

ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఒక రకంగా ఇంతే. దహన నేరంలో మంట అందరికీ కనిపిస్తుంది. చట్టానికి కావలసింది మాత్రం మంటలో కనిపించదు. నిప్పు పెట్టినవాడి మనసులో ఏముంది? చట్టం దేన్ని కాపాడాలనుకుంటోంది? ఈ రెండింటికీ జవాబు దొరకనిదే బూడిద ఎంత ఉన్నా నేరం రుజువు కాదు.

ఇప్పుడు పాత నిర్వచనానికి వద్దాం. ఇంగ్లండు కామన్ లా, అంటే శాసనసభ రాసిన చట్టం కాకుండా కోర్టులు తరతరాలుగా పోగుచేసిన న్యాయం, దహన నేరాన్ని చాలా ఇరుకుగా నిర్వచించింది. ఇంకొకరి నివాసగృహాన్ని దుర్బుద్ధితో కాల్చడం. అంతే. పదిహేడో శతాబ్దంలో కోక్, పద్దెనిమిదో శతాబ్దంలో బ్లాక్‌స్టోన్, ఇద్దరూ పేరున్న ఇంగ్లీషు న్యాయకోవిదులు, కాస్త అటూ ఇటూగా ఇదే చెప్పారు. చూడటానికి ఒక్క వాక్యం. కానీ అందులో ప్రతి మాట మీదా కోర్టులు వందల ఏళ్లు కుస్తీ పట్టాయి.

కాల్చడం అంటే ఏమిటి? ఇదేం ప్రశ్న అనుకుంటున్నారు కదూ! గోడ పొగచూరింది, కాలినట్టా? రంగు మాడి పొక్కులెక్కింది, కాలినట్టా? కాదు అన్నాయి పాత కోర్టులు. ఇంట్లో భాగమైన కలప కొంచెమైనా బొగ్గుగా మారాలి. ఇల్లు కూలిపోనక్కరలేదు, పైకి మంట లేవనక్కరలేదు, ఒక దూలం మీద చిటికెడంత చోటు బొగ్గయినా చాలు. కానీ అది ఇంట్లో భాగమై ఉండాలి. ఇంట్లో ఉన్న మంచమో, పరుపో, బట్టలో కాలి ఊరుకుంటే ఇల్లు కాలినట్టు కాదు. ఇంకో విచిత్రం. మందుగుండుతో ఇంటిని పేల్చేసి నేలమట్టం చేశారనుకోండి, ఆ పేలుడు వల్ల ఏదీ అంటుకోకపోతే పాత నిర్వచనం ప్రకారం అది దహన నేరం కాదు. ఇల్లే లేకుండా పోయింది, నేరం మాత్రం ఈ పేరు కిందికి రాదు! ఆధునిక చట్టాలు దాదాపు అన్నీ పేలుడును నిప్పుతో పాటే చేర్చింది అందుకే.

తరువాత, నివాసగృహం. ఇక్కడే పాత న్యాయం అసలు ఆలోచన బయటపడుతుంది. అది ఆస్తిని కాపాడటం లేదు. నివాసాన్ని కాపాడుతోంది. మనిషి నిద్రపోయే చోటును కాపాడుతోంది. కాబట్టి కట్టడం ఎంత ఖరీదైనదన్నది లెక్కలోకి రాదు, అందులో ఎవరైనా కాపురం ఉంటున్నారా అన్నదే లెక్క. కట్టి ఇంకా ఎవరూ చేరని భవనం నివాసగృహం కాదు. ఇంటివాళ్లు ఊరెళ్లినంత మాత్రాన ఇల్లు నివాసగృహం కాకుండా పోదు. ఇంటి ఆవరణలో ఉన్న కొట్టమూ, పాకా కూడా ఇంటి కిందే లెక్క. ఇంటికి కన్నం వేసే నేరంతో దీన్ని పోల్చి చూడండి. అది పాత కామన్ లాలో రాత్రిపూట జరిగితేనే నేరం. దహనానికి ఆ షరతు లేదు. పగలైనా రాత్రయినా ఒకటే.

మరి "ఇంకొకరి" అన్న మాట? ఇది యాజమాన్యం గురించి అనుకుంటాం. కాదు. నివాసం గురించే. ఒక ఇల్లు ఉంది, యజమాని దాన్ని అద్దెకిచ్చాడు. అద్దెకున్నవాడు ఆ ఇంటిని తగలబెట్టాడు. పాత నిర్వచనం ప్రకారం ఇది దహన నేరం కాదు, ఎందుకంటే కాపురం ఉన్నది అతనే, అది అతని నివాసమే. ఇప్పుడు తిప్పి చూడండి. యజమాని వచ్చి, నా ఇల్లే కదా అని, అద్దెకున్నవాళ్లు కాపురం ఉండగా నిప్పు పెట్టాడు. ఇది దహన నేరం. పత్రాలు అతని పేరు మీదే ఉన్నాయి, అయినా నేరమే. న్యాయవిద్యార్థులు పరీక్షలో తప్పు రాసేది సరిగ్గా ఇక్కడే, జాగ్రత్త.

మనసు గురించి పాత న్యాయం వాడిన మాట మాలిస్. దుర్బుద్ధి అని తెలుగులో చెప్పుకుంటున్నాం కానీ పగ, ద్వేషం అక్కరలేదు. కావాలని చేయడం, లేదా కాలుతుందని తెలిసీ తెగించడం. చేయి జారి పడిన దీపం దీనికి చాలదు. ఈ విభజన ఇంగ్లండు వాళ్లు కనిపెట్టింది కాదు. క్రీస్తు పూర్వం సుమారు 450 నాటి రోమన్ల పన్నెండు ఫలకాల శాసనంలోనే ఉంది. ఇంటినో, ఇంటి పక్కన పోసిన ధాన్యపు రాశినో తెలిసి తగలబెట్టినవాడిని కట్టి, కొరడాలతో కొట్టి, నిప్పులో కాల్చాలి. పొరపాటున జరిగితే నష్టం కట్టిస్తే చాలు. కట్టే స్తోమత లేకపోతే తేలికపాటి శిక్ష. చూశారా? చేసిన పని ఒకటే, కాలిన ధాన్యం ఒకటే. మనసు మారితే ఒకడికి చితి, ఇంకొకడికి పరిహారం.

మన వైపు చూస్తే కౌటిల్యుడి అర్థశాస్త్రమూ తక్కువ కఠినమైనది కాదు. పచ్చిక బయలుకు, పొలానికి, కళ్లానికి, ఇంటికి, అడవికి నిప్పు పెట్టినవాడిని నిప్పుతోనే కాల్చమంది. ఆ జాబితా ఒకసారి గమనించండి. ఇల్లు ఒక్కటే కాదు, పొలం ఉంది, కళ్లం ఉంది. నివాసంతో పాటు తిండి కూడా రక్షణలోకి వచ్చింది. ధర్మశాస్త్రాల్లో ఆతతాయి అనే భావన ఉంది కదా, ఎదురు తిరిగి చంపినా దోషం అంటని ఆరుగురు దుర్మార్గులు. ఇంటికి నిప్పు పెట్టేవాడు, విషం పెట్టేవాడు, ఆయుధం ఎత్తి మీదికి వచ్చేవాడు, ధనం దోచేవాడు, పొలం కాజేసేవాడు, భార్యను అపహరించేవాడు. ఆ ఆరుగురిలో మొదట చెప్పింది ఎవరిని? అగ్నిదుడిని. నిప్పు పెట్టేవాడిని. ఇది గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి రావాలి.

భారతీయ చట్టం దారి వేరు

ఇప్పుడు భారతదేశం సంగతి. మెకాలే నాయకత్వంలోని లా కమిషన్ 1837లో ముసాయిదా తయారుచేసింది, అది 1860లో భారతీయ శిక్షాస్మృతి అయింది. ఇంగ్లండు న్యాయాన్ని ఉన్నదున్నట్టు దించేశారని చాలామంది అనుకుంటారు. దహనం విషయంలో అలా చేయలేదు. నివాసగృహం చుట్టూ అల్లిన పాత నిర్వచనాన్ని పక్కన పెట్టేశారు. అసలు దహన నేరానికి విడిగా నిర్వచనమే ఇవ్వలేదు. 425వ సెక్షన్లో మిస్చిఫ్ అని ఒక మూలనేరాన్ని నిర్వచించి, ఆ మిస్చిఫ్‌ను నిప్పుతో చేస్తే ఇంత శిక్ష అని తరువాతి సెక్షన్లలో చెప్పారు.

అందుకని మెట్టు మెట్టుగా వెళ్లాలి. ముందు మిస్చిఫ్ రుజువు కావాలి. ప్రజలకో, ఏ వ్యక్తికో అక్రమ నష్టం కలిగించాలన్న ఉద్దేశం ఉండాలి, లేదా నష్టం కలిగే అవకాశం ఉందని తెలిసి ఉండాలి. ఆ మనసుతో ఆస్తిని నాశనం చేయాలి, లేదా దాని విలువో, ఉపయోగమో తగ్గిపోయేలా మార్చాలి. ఇది దాటిన తరువాతే నిప్పు సంగతి. ఉద్దేశం, లేదా ఎరుక. నిర్లక్ష్యం అన్న మాట ఇందులో ఎక్కడా లేదు, గమనించారా? సాక్షులు పదిమంది వచ్చి మంట చూశామని చెప్పవచ్చు, పంచనామా పది పేజీలు ఉండవచ్చు. ఉద్దేశమో ఎరుకో రుజువు కాకపోతే కేసు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది.

435వ సెక్షన్ కింద నిప్పుతోనో పేలుడు పదార్థంతోనో వంద రూపాయలు, ఆపైన నష్టం కలిగించాలన్న ఉద్దేశం ఉంటే ఏడేళ్ల వరకు జైలు, జరిమానా. వ్యవసాయ ఉత్పత్తి అయితే వంద కాదు, పది రూపాయలు చాలు. ఎందుకు పది? రైతు పంటకు ధర తక్కువ కట్టినా దానికి ఇచ్చిన రక్షణ ఎక్కువ. అర్థశాస్త్రంలోని కళ్లం ఇక్కడ మళ్లీ కనిపించడం లేదూ! అయితే 1860 నాటి వంద రూపాయలు 2024 దాకా వంద రూపాయలుగానే ఉండిపోయాయి. ఎవరికీ దాన్ని సవరించాలని తోచలేదు. అది చట్టం ఓపికో, శాసనసభల బద్ధకమో మీరే నిర్ణయించుకోండి.

2024 జూలై 1 నుంచి శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. మిస్చిఫ్ నిర్వచనం 324వ సెక్షన్‌కు, నిప్పుతో చేసే మిస్చిఫ్ 326వ సెక్షన్‌కు మారాయి. అందులో ఆరో ఖండం వంద, పది రూపాయల హద్దును తీసేసింది. ఏ ఆస్తికైనా, వ్యవసాయ ఉత్పత్తికైనా నిప్పుతో నష్టం కలిగిస్తే ఏడేళ్ల వరకు జైలు. ఏడో ఖండం పాత 436వ సెక్షన్‌కు వారసురాలు. మామూలుగా ప్రార్థనా స్థలంగానో, మనుషుల నివాసంగానో, ఆస్తిని భద్రపరిచే చోటుగానో వాడే భవనాన్ని నాశనం చేయాలని నిప్పు పెడితే యావజ్జీవం, లేదా పదేళ్ల వరకు జైలు, జరిమానా.

"మామూలుగా వాడే" అన్న రెండు మాటల దగ్గర కాస్త ఆగుదాం. కోర్టుల్లో ఎన్నో గంటల వాదన ఈ రెండు మాటల మీదే నడుస్తుంది. నిప్పు పెట్టిన క్షణంలో లోపల మనిషి ఉండనక్కరలేదు. ఆ భవనం మామూలుగా దేనికి వాడుతున్నారన్నదే ప్రశ్న. తాళం వేసిన ఇల్లు ఇల్లే. గడ్డితో కప్పిన గుడిసె భవనమేనా? మనుషులు అందులో కాపురం ఉంటున్నారు కదా, భవనమే. రాతిదో, ఇటుకదో కాకపోతే భవనం కాదని డిఫెన్స్ వారు వాదించడానికి ప్రయత్నిస్తూ ఉంటారు, కానీ సెక్షన్ అడిగేది దేనితో కట్టారని కాదు, దేనికి వాడుతున్నారని. మరి ఎన్నో ఏళ్లుగా పాడుబడి, ఎవరూ రాని, ఏమీ దాచని కట్టడం? అక్కడ ఈ పెద్ద సెక్షన్ నిలబడటం కష్టం, చిన్న సెక్షన్‌కు దిగాలి. ఇంకో సంగతి కూడా చెప్పాలి. నాశనం చేయాలన్న ఉద్దేశం రుజువైతే చాలు, భవనం మొత్తం నాశనమై తీరాలని లేదు. పైకప్పు కొంత కాలగానే ఇరుగుపొరుగు వచ్చి ఆర్పేశారని ముద్దాయి తప్పించుకోలేడు. ఆర్పింది వాళ్లు, అతను కాదు.

ఓడలకు, రైళ్లకు, విమానాలకు వేరే సెక్షన్ ఉంది, 327. ప్రభుత్వ ఆస్తులను తగలబెడితే 1984 నాటి ప్రత్యేక చట్టం ఉంది, అందులో నిప్పుతో చేస్తే కనీసం ఒక సంవత్సరం, గరిష్ఠంగా పదేళ్ల కఠిన కారాగారం. వీటి వివరాల్లోకి ఇప్పుడు వెళ్లను.

ఇందాక ఆతతాయిని గుర్తుంచుకోమన్నాను. ఎందుకంటే శిక్షాస్మృతి 103వ సెక్షన్, ఇప్పుడు న్యాయ సంహిత 41వ సెక్షన్, ఆత్మరక్షణ హక్కు గురించి చెబుతుంది. ఆస్తిని కాపాడుకోవడానికి ఎదుటివాడి ప్రాణం తీసేదాకా వెళ్లవచ్చా? మామూలుగా వెళ్లకూడదు. కానీ కొన్ని నేరాలకు మినహాయింపు ఉంది. వాటిలో ఒకటి, మనుషులు నివసించే లేదా ఆస్తి భద్రపరిచే భవనానికో, డేరాకో, ఓడకో నిప్పు పెట్టడం. మామూలు దొంగతనంలో ప్రాణభయం లేకపోతే ఈ హక్కు అంతదూరం పోదు. నిప్పు దగ్గర పోతుంది. ధర్మశాస్త్రకారుడూ, విక్టోరియా రాణి కాలపు ముసాయిదాకారుడూ ఒకరి ముఖం ఒకరు చూసి ఉండరు, ఇద్దరూ ఒకే చోటికి వచ్చారు. దీన్ని విని ఎవరూ ఆవేశపడకండి. ఆ హక్కుకు హద్దులున్నాయి. రక్షణకు అవసరమైనంత మేరకే బలం వాడాలి. పోలీసులను పిలిచే వ్యవధి ఉంటే ఆ హక్కే లేదు. మంట ఆరిపోయి, పెట్టినవాడు పారిపోయాక వెంటాడి కొట్టడం ఆత్మరక్షణ కాదు, అది కొత్త నేరం.

తెలియనివాడి మనసు, తెలియనట్టు నటించేవాడి మనసు

ఇక అసలు చిక్కుముడి. కావాలని పెట్టాడని తేలితే గొడవ లేదు. ప్రమాదవశాత్తూ జరిగిందని తేలినా గొడవ లేదు. ఈ రెండింటి మధ్య ఒక మనిషి ఉంటాడు. తగలబెట్టాలని అనుకోలేదు, కానీ తగలబడుతుందేమోనని ఆలోచించాల్సినవాడు. వాడిని ఏం చేయాలి?

ఇంగ్లండులో 1971లో క్రిమినల్ డ్యామేజ్ చట్టం వచ్చింది. పాత కామన్ లా దహన నేరాన్ని అది రద్దు చేసింది. ఇంకొకరి ఆస్తిని ఉద్దేశంతో గానీ, రెక్‌లెస్‌గా గానీ నాశనం చేయడం నేరం అంది, నిప్పుతో చేస్తే దాన్ని ఆర్సన్ అని పిలవాలంది, గరిష్ఠ శిక్ష యావజ్జీవం. ఇల్లా, గడ్డివామా, కారా అన్న తేడా పోయింది. బాగానే ఉంది. మరి రెక్‌లెస్ అంటే? ప్రమాదం తనకు తెలిసీ తెగించినవాడా? మామూలు మనిషికి తెలిసి ఉండేది, తనకు తట్టకపోయినా శిక్షించదగినవాడా? చట్టం చెప్పలేదు. ముప్పై ఏళ్లకు పైగా కోర్టులు కొట్టుకున్నాయి.

1979లో స్టీఫెన్‌సన్ కేసు. చలికి తట్టుకోలేక ఒకతను గడ్డివాములో దూరి, లోపలే చిన్న మంట వేసుకున్నాడు. వాము మొత్తం అంటుకుంది. మీరూ నేనూ అలా చేస్తామా? చేయం. కానీ అతనికి స్కిజోఫ్రీనియా అనే మానసిక వ్యాధి ఉంది. మనకు తట్టే ప్రమాదం అతనికి తట్టకపోయి ఉండవచ్చు. అప్పీలు కోర్టు అతన్ని వదిలేసింది. ఇంతవరకు మనసునే చూశారు.

1981లో కాల్డ్‌వెల్ కేసు వచ్చింది. హోటల్ యజమానితో తగాదా పడ్డ ఒక పనివాడు పూటుగా తాగి ఆ హోటల్‌కే నిప్పు పెట్టాడు. లోపల పదిమంది అతిథులున్నారు. అదృష్టవశాత్తూ త్వరగా ఆర్పేశారు. తాగి ఉన్నాను, మనుషుల ప్రాణాలకు ముప్పు అన్న ఆలోచనే రాలేదు అన్నాడు. అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం కూడా అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ ఏమంది? మామూలు వివేకం ఉన్న మనిషికి ప్రమాదం స్పష్టంగా కనిపించేదైతే, నువ్వు ఆలోచించకపోవడమే నీ తప్పు అంది. తాగుబోతు విషయంలో ఈ మాట వినడానికి బాగానే ఉంటుంది. మీలో చాలామంది తల ఊపుతున్నారు కూడా. నేనూ ఊపుతాను. కానీ సూత్రం ఒకసారి పెట్టాక అది తాగుబోతుల దగ్గరే ఆగుతుందా? ఆగలేదు. రెండేళ్లకే, 1983లో, పద్నాలుగేళ్ల అమ్మాయి కేసు వచ్చింది. మానసిక ఎదుగుదల తక్కువ. రాత్రంతా బయట తిరిగి, నిద్ర లేక, ఒక షెడ్డులో నేల మీద స్పిరిట్ పోసి అగ్గిపుల్ల వేసింది. షెడ్డు కాలిపోయింది. ఆ వయసులో, ఆ స్థితిలో ఆమెకు ప్రమాదం తెలిసే అవకాశమే లేదని కింది కోర్టు నమ్మి వదిలేసింది. పై కోర్టు మాత్రం, మాకు ఇష్టం లేకపోయినా కాల్డ్‌వెల్ సూత్రం ప్రకారం ఆమె దోషే అంది. వివేకం ఉన్న పెద్ద మనిషి కొలతను తెచ్చి, ఆ కొలతకు ఎన్నడూ అందలేని పిల్లకు పెట్టారు.

ఆ తరువాత 2000 ఆగస్టు. పదకొండేళ్లవాడొకడు, పన్నెండేళ్లవాడొకడు. రాత్రి ఆరుబయట పడుకుంటామని ఇళ్లలో చెప్పి వచ్చారు. ఒక దుకాణం వెనుక పాత వార్తాపత్రికల కట్టలు కనబడితే కొన్నింటికి నిప్పంటించి, చెత్త డబ్బా కింద పడేసి వెళ్లిపోయారు. అవి వాటంతట అవే ఆరిపోతాయి అనుకున్నారు. మంట డబ్బాకు, అక్కడి నుంచి చూరుకు, చూరు నుంచి పైకప్పుకు పాకింది. నష్టం సుమారు పది లక్షల పౌండ్లు. కాల్డ్‌వెల్ సూత్రం ప్రకారం పిల్లలు దోషులే అయ్యారు. కేసు హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లింది. 2003లో ఆ సభ తన పాత తీర్పును తానే పక్కన పెట్టింది. ప్రమాదం ఉందని నిందితుడికి స్వయంగా తెలిసి ఉండాలి, తెలిసీ అకారణంగా తెగించి ఉండాలి, అప్పుడే రెక్‌లెస్ అని తేల్చింది. నా దృష్టిలో ఇదే సరైన చోటు. పది లక్షల పౌండ్ల నష్టం పెద్దదే. కానీ నష్టం సైజును బట్టి నేరబుద్ధిని ఊహించడం మొదలుపెడితే, ఆ రమ్ము దొంగను కూడా తిరిగి బోనెక్కించాలి.

తాగినవాడి సంగతేమిటి అని అడుగుతారు, అడగాలి కూడా. తనంతట తాను తాగి, మత్తు వల్ల ప్రమాదం తట్టలేదని చెప్పుకుంటే ఇంగ్లండులో అది సాకుగా చెల్లదు. కాల్డ్‌వెల్ సూత్రం పోయినా, కాల్డ్‌వెల్ లాంటి మనిషి మాత్రం తప్పించుకోడు.

పెట్టడం కాదు, ఆర్పకపోవడం నేరమవుతుందా? ఇది నాకు ఇష్టమైన కేసు. మిల్లర్, తీర్పు 1983లో. ఖాళీ ఇంట్లో తలదాచుకున్న ఒకతను సిగరెట్ వెలిగించుకుని పరుపు మీద అలాగే నిద్రపోయాడు. మెలకువ వచ్చేసరికి పరుపు రాజుకుంటోంది. ఏం చేశాడు? లేచి, పక్క గదిలోకి వెళ్లి, మళ్లీ పడుకున్నాడు. ఇల్లు అంటుకుంది. సిగరెట్ జారినప్పుడు అతను నిద్రలో ఉన్నాడు, మనసే లేదు. మెలకువ వచ్చాక మనసుంది, కానీ చేసిన పనేమీ లేదు. నేరం ఎక్కడుంది? కోర్టు చక్కగా చెప్పింది. ప్రమాదాన్ని సృష్టించింది నువ్వే. అది నీకు తెలిసిన క్షణం నుంచి ఆపడానికి చేతనైనది చేయవలసిన బాధ్యత నీది. ఆర్పడమే కాదు, కనీసం ఎవరినైనా పిలవాలి. ఏమీ చేయకపోవడమే ఇక్కడ నేరం. దారినపోయేవాడు అదే మంట చూసి పట్టించుకోకపోతే ఈ సూత్రం అతనికి వర్తించదు, గుర్తుంచుకోండి.

భారతదేశంలో కేవలం నిర్లక్ష్యంతో నిప్పును వాడి మనుషుల ప్రాణాలకు ముప్పు తెచ్చినవాడు మిస్చిఫ్ కిందికి రాడు. వాడికి న్యాయ సంహిత 287వ సెక్షన్ ఉంది, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. యావజ్జీవానికీ ఆరు నెలలకూ మధ్య దూరం చూడండి. ఆ దూరమంతా మనసే.

మరి ఆ మనసును రుజువు చేసేదెలా? హత్యలో శవం ఉంటుంది, కత్తి ఉంటుంది. నిప్పు తన సాక్ష్యాన్ని తానే తినేస్తుంది. అందుకే మొదట రుజువు కావలసింది ఎవరు పెట్టారన్నది కాదు, అసలు ఎవరైనా పెట్టారా అన్నది. విద్యుత్ లోపం, పొయ్యి, పిడుగు, ఇవేవీ కారణం కాదని ప్రాసిక్యూషన్ తేల్చాలి. ఇక్కడ నిపుణులు చేసిన అన్యాయం కూడా చెప్పుకోవాలి. అమెరికాలో దశాబ్దాల పాటు దర్యాప్తు అధికారులు నేల మీద గుంటలు పడినట్టు కాలితే పెట్రోలు లాంటిదేదో పోశారని, గాజు సన్నగా నెర్రెలు విచ్చితే మంట అసాధారణంగా వేడెక్కిందని సాక్ష్యం చెప్పేవారు. ఇవి పరీక్షించి చెప్పిన మాటలు కావు, ఒకరి నుంచి ఒకరు నేర్చుకున్న నమ్మకాలు. గదిలో వేడి ఒక స్థాయి దాటితే ఉన్నదంతా ఒక్కసారిగా అంటుకుంటుంది, దాన్ని ఫ్లాషోవర్ అంటారు. అది జరిగిన గదిలో ఎవరూ ఏమీ పోయకపోయినా నేల అలాగే కాలుతుంది. వేడి గాజు మీద నీళ్లు పడితే అలాగే నెర్రెలు విచ్చుతుంది, ఆ నీళ్లు ఆర్పడానికి కొట్టినవే. అగ్నిప్రమాదాల దర్యాప్తుకు శాస్త్రీయ మార్గదర్శకం, ఎన్‌ఎఫ్‌పీఏ 921 అంటారు, మొదటిసారి 1992లో వచ్చింది. 1991 డిసెంబరులో టెక్సస్‌లో ఒక ఇల్లు కాలి ముగ్గురు చిన్నారులు చనిపోయారు. పాత నమ్మకాల సాక్ష్యంతో వాళ్ల తండ్రికి మరణశిక్ష పడింది, 2004లో అమలైంది. ఆ సాక్ష్యానికి శాస్త్రీయ ఆధారం లేదని తరువాత అగ్నిశాస్త్ర నిపుణులు చెప్పారు. ఎవరు పెట్టారని అడిగే తొందరలో, అసలు పెట్టారా అన్న ప్రశ్నను దాటేస్తే జరిగేది ఇది.

ఒక చీటీ వచ్చింది. చదువుతాను. "నా ఇంటికి నేనే నిప్పు పెట్టుకుంటే నేరమా?" రాసినవారు చేయి ఎత్తనక్కరలేదు!

పాత కామన్ లాలో అది దహన నేరం కాదు, ఇరుగుపొరుగు ఇళ్లకు ముప్పు తెస్తే మాత్రం వేరే చిన్న నేరం. భారతదేశంలో నేరం కావచ్చు. మిస్చిఫ్ సెక్షన్ కింద వివరణలో స్పష్టంగా ఉంది, సొంత ఆస్తి మీద కూడా మిస్చిఫ్ చేయవచ్చు, ఇంకొకరికి అక్రమ నష్టం కలిగించే ఉద్దేశమో ఎరుకో ఉంటే చాలు. ఒక ఉదాహరణ కూడా చట్టంలోనే ఇచ్చారు. ఓడకు బీమా చేయించి, బీమా ఇచ్చినవారికి నష్టం కలిగించాలని ఆ ఓడను తానే ధ్వంసమయ్యేలా చేసినవాడు. ఓడ అతనిదే, నష్టం వాళ్లది. కాబట్టి ఇంటి మీద అప్పు ఇచ్చిన బ్యాంకు ఉన్నా, బీమా కంపెనీ ఉన్నా, లోపల కాపురం ఉన్న కుటుంబం ఉన్నా, నా ఇల్లు నా ఇష్టం అనడం చెల్లదు.

అమెరికాలో 1962 నాటి మాదిరి శిక్షాస్మృతి, అంటే రాష్ట్రాలకు నమూనాగా న్యాయనిపుణులు రాసిన ముసాయిదా, దీన్ని సూటిగా చెప్పింది. బీమా డబ్బు కోసమైతే ఆస్తి నీదా, ఇంకొకరిదా అని చూడనక్కరలేదంది. పైగా అక్కడ నిప్పు మొదలుపెట్టడమే నేరం, బొగ్గు ఏర్పడిందా లేదా అని దూలం గీకి చూసే పని లేదు.

ఇంగ్లండులో మాత్రం ఇది ఒక తమాషా మలుపు తిరిగింది. 1981లో డెంటన్ కేసు. ఒక నూలు మిల్లు పనివాడు మిల్లుకు నిప్పు పెట్టాడు. ఎందుకు పెట్టావంటే, యజమానే పెట్టమన్నాడు, బీమా డబ్బు కోసం అన్నాడు. మామూలు ఆర్సన్ జరగాలంటే ఆస్తి ఇంకొకరిదై ఉండాలి, ఆ ఇంకొకరి అనుమతి ఉందని నిందితుడు నిజంగా నమ్మి ఉండకూడదు. ఇక్కడ యజమానే స్వయంగా పెట్టమన్నాడని పనివాడి నమ్మకం. అప్పీలు కోర్టు శిక్ష రద్దు చేసింది. బీమా కంపెనీని మోసగించడం నేరమే, కానీ అది మోసం అనే నేరం. దాన్ని ఆర్సన్ పేరుతో శిక్షించలేరు. అయితే ప్రాణాలకు ముప్పు తెచ్చే ఉద్దేశంతోనో, ఆ ముప్పు తెలిసీ తెగించో నిప్పు పెట్టి ఉంటే, 1971 నాటి అదే చట్టంలోని పెద్ద నేరం కింద ఆస్తి ఎవరిదన్న ప్రశ్నే రాదు, సొంతదైనా నేరమే.

కాబట్టి చీటీ రాసినవారికి నా జవాబు: ముందు మీ ఇంట్లో ఇంకెవరు ఉంటున్నారో, మీ ఇంటి మీద ఎవరెవరికి హక్కులున్నాయో చెప్పండి. ఆ తరువాత, ఎందుకు అడుగుతున్నారో చెప్పండి.